మర్రి ఏడున్నది? మట్టిలనా, మతిలనా?

ఒక మాట అడుగుత, తిట్టుకోకుండ్రి. పాలమూరు పిల్లలమర్రి చూసిండ్రు గదా? చూడనోళ్లుంటే ముందు సిగ్గుపడుండ్రి, తర్వాత చదువుండ్రి. మూడెకరాల దాకా పరుచుకున్న చెట్టు. ఏడు వందల ఏండ్లదని పేరు. దాని అసలు మొదలేదో చూపెట్టుండ్రి చూస్తం! ఊడలు దిగినయి, ఊడలే మానులైనయి. మరి చెట్టంటే ఏది? కండ్ల ముందటి కట్టెనా, మనం మనసుల కట్టుకున్నదా?

"మనసులదే" అంటరా? 2018ల దానికి చెదలు పట్టినయి. ఆస్పత్రిల పేషెంటుకు పెట్టినట్టు సీసాలు వేలాడదీసి, చుక్క చుక్క మందెక్కించిండ్రు. చెదలు తిన్నది మన ఆలోచననా ఏంది? కట్టెనే గదా!

"అయితే కట్టెలనే ఉన్నది" అని సంబరపడకుండ్రి. అలంపూర్ పోదాం పాండ్రి. కిటికీ సీటు నాది, ముందే చెప్తున్న. కూడవెల్లి సంగమేశ్వరుడు ఎరుకే గదా? కృష్ణ, తుంగభద్ర కలిసే కాడ చాళుక్యుల నాటి గుడి. శ్రీశైలం డ్యాం నీళ్లు ముంచుతయని రాయి రాయి విప్పి, అలంపూరుకు తెచ్చి మళ్ల పేర్చిండ్రు. రాళ్లు అవే. సంగమం మాత్రం ఎన్క ఉండిపాయె. అయినా ఆయన సంగమేశ్వరుడే! భక్తులెవ్వలూ పేచీ పెట్టలే. తత్వం చదివినోళ్లకే ఈ తిప్పలన్నీ.

నల్లగొండోళ్లు, నవ్వకుండ్రి, ఈ చిక్కు విప్పనీకి మీ పక్కకే వస్తున్న. సాగర్ నీళ్ల నడుమ నాగార్జునకొండ లేదా? ఆచార్య నాగార్జునుడు అక్కడున్నడని మనోళ్ల నమ్మకం. రెండో శతాబ్దపు మనిషి అంటరు. ఏ వస్తువుకూ తనకు తానుగ సొంత సారం ఉండదు, ఒకదాని ఆసరాతోనే ఇంకోటి ఉంటది అని వాదించిండు. అట్లని అసలేమీ లేదన్నడా? అనలే. ఉన్నది అన్నోళ్లనూ వదల్లే, లేదన్నోళ్లనూ వదల్లే. ఇద్దరితోని కొట్లాట పెట్టుకొని తన బాటకు మధ్యమమని పేరు! గడుసోడు గదా?

నేనైతే ఆయన దిక్కే. రాయి లేకుంటే మొక్కుకు తావు లేదు. మొక్కేటోళ్లు లేకుంటే రాయి వట్టి రాయే. అర్థం రెండిటి నడుమ పుడ్తది. ఇది నా తీర్పు. నచ్చకుంటే రాండ్రి, వాదించుకుందాం. చాయ్ మాత్రం మీరే తాపియ్యాలె.