మామ చెక్కిన నంది... నేను పేల్చిన నంది

పోయిన సంక్రాంతికి ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కా. మా మామకు నా గేమ్ చూపించాలని. మామ శిల్పి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన వరసగా కనిపించే శిల్పాల షెడ్లలో ఒకటి ఆయనది. నేనేమో పగలు ఆఫీసు కోడ్, రాత్రి గేమ్ కోడ్ రాసుకునే బాపతు.

గేమ్ సంగతి చెప్తా. 2122వ సంవత్సరం. కార్లకు రాకెట్లు, లేజర్లు ఉంటాయి. ఆరుగురు దిగుతారు, చివరికి మిగిలినవాడే విన్నర్. 1995లో ప్లేస్టేషన్‌కి వచ్చిన ‘ట్విస్టెడ్ మెటల్’ టైపు అన్నమాట. ఇలాంటి గేముల్లో బండ్లూ, ఆయుధాలూ చేయడం ఒక ఎత్తు, ఎరీనా గీయడం ఒక ఎత్తు. మనిషి పరిగెత్తే గేములో 100 మీటర్ల మైదానం దాటడానికి 15, 20 సెకన్లు పడుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు 4 సెకన్లే. పైగా స్పీడు రెట్టింపైతే మలుపు తిరగడానికి కావాల్సిన చోటు నాలుగింతలు అవుతుంది. చోటు తగ్గిస్తే అందరూ గోడల్ని గుద్దుకుంటారు. పెంచితే ఒకడికొకడు కనపడరు. దారి ఎక్కడైనా మూసేస్తే, ఆ మూలలో ఒకడు నక్కి కూర్చుంటాడు.

నా మొదటి రెండు మ్యాపులూ ఫ్లాప్. మూడోది ఆళ్లగడ్డ శిల్పాల వీధి. అటూ ఇటూ నిలువెత్తు నందులు, గరుత్మంతులు, వెనక నల్లమల కొండలు. రాకెట్ తగిలితే బొమ్మ ముక్కలై ఒక దారి మూసుకుపోతుంది, ఇంకోటి తెరుచుకుంటుంది. ఈ ఐడియా పూర్తిగా నాది కాదు. 1996లో వచ్చిన ‘ట్విస్టెడ్ మెటల్ 2’లో ఈఫిల్ టవర్‌ని కూలిస్తే అదే మేడల మీదకి వంతెన అవుతుంది. నంద్యాల ఫ్రెండ్స్ ఆడి ఊగిపోయారు.

మామ గ్రైండర్ ఆపి, దుమ్ము చేతులు లుంగీకి తుడుచుకుని పక్కన కూర్చున్నాడు. నేను ఒక నందిని పేల్చా. తర్వాత ఇంకోదాన్ని.

‘‘ఇది చెయ్యనీకి నీకు ఎన్ని దినాలు పట్టింది రా?’’

‘‘ఒకటి చేసి మిగతావి కాపీ కొట్టినా మామా. రెండు గంటలు.’’

ఆయన ఎదురుగా సగం చెక్కి ఉన్న నందిని చూపించాడు. ‘‘దీనికి మూడు నెలలు. చెవి కొన ఊడినా గుళ్లో పెట్టుకోరు.’’

అంతే. తిట్టలేదు. టీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది.

తిరుగు బస్సులో ల్యాప్‌టాప్ తెరవబుద్ధి కాలేదు. ఇది భక్తి సంగతి మాత్రమే కాదు. ఈఫిల్ టవర్ లోకమంతా చూసిందే. గేములో కూలినా దాని పరువు ఎక్కడికీ పోదు. మన ఆళ్లగడ్డ శిల్పాలకు జీఐ గుర్తింపు ఉన్నా, బయట ఎంతమందికి తెలుసు? నా గేమ్ ఆడేవాడు వాటిని మొదటిసారి చూసేది ముక్కలవుతుండగానే!

ఆ రాత్రే బొమ్మలు పగలకుండా కోడ్ మార్చేశా. వెంటనే కొత్త తంటా. పగలని బొమ్మ అంటే పర్మినెంట్ కవచం కదా, అందరూ వాటి వెనకే దాక్కున్నారు! అప్పుడు బొమ్మల్ని గోడల పక్కనుంచి తీసి కూడళ్ల మధ్యలో పెట్టా. ఇక ముందునుంచి దాక్కున్నవాడికి వెనకనుంచి గుద్దు తప్పదు. పగిలేవి ముడి రాళ్ల గుట్టలు, రేకుల షెడ్లు మాత్రమే. దారులు మారడం అలాగే ఉంది. మునుపు 8 నిమిషాలు సాగిన మ్యాచ్ ఇప్పుడు 5కే తేలిపోతోంది.

మామకు వీడియో కాల్‌లో చూపించా. చాలాసేపు చూశాడు. బాగుందనలేదు. ‘‘నందికి మూపురం చిన్నగుంది. సరిచెయ్యి’’ అన్నాడు.

సరిచేశా. కాపీ కొట్టకుండా ఒక్కో నందినీ విడిగా. ఇప్పుడు ఎన్ని దినాలని అడిగితే జవాబుంది. నందికి నాలుగు రాత్రులు.