చేతులు మారే బండి

నల్గొండ జిల్లాలోని నిడమనూరు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని మండల కేంద్రం. కోతలు ముగిసి, ధాన్యం మిర్యాలగూడ మిల్లులకు చేరాక రైతు ఇంట నాలుగు డబ్బులు కనిపిస్తాయి. ఇంటి కుర్రవాడు చాన్నాళ్ళుగా దాచుకున్న కోరిక అప్పుడే బయటపడుతుంది. అతనికి క్రూజర్ మోటారు సైకిలు కావాలి. ఆసనం కిందికి, హ్యాండిలు వెడల్పుగా, కాళ్ళు ముందుకు చాపుకొనేలా ఉండే ఈ వాహనం సుదూర ప్రయాణాలకు అనువైనది. 2001లో వచ్చిన కవాసాకి బజాజ్ ఎలిమినేటర్, 2005లో వచ్చిన బజాజ్ అవెంజర్ ఈ ముచ్చటను సామాన్యులకు చేరువ చేశాయి. కొత్తది కొనే స్తోమత లేనివారు ఒకరు వాడిన బండికోసం వెదుకుతారు.

వాడిన బండిని పగటి వెలుగులోనే చూడాలి. ముందే నడిపి వేడెక్కించవద్దని యజమానికి చెప్పడం మంచిది. చల్లగా ఉన్న ఇంజను మొదటి ప్రయత్నంలో ఎలా పలుకుతుందో, దాని ఆరోగ్యం అలా ఉంటుంది. పొగగొట్టం నుండి నీలిపొగ వస్తే ఆయిలు కాలుతున్నదని అర్థం. వంగిన ఫోర్కు పాత ప్రమాదాన్ని పట్టి ఇస్తుంది. రంగుల మెరుపు వీటిని దాచలేదు. తెలిసిన మెకానిక్కు వెంట ఉంటే మరీ మేలు.

బండి నచ్చినంత మాత్రాన బేరం ముగియదు. ఇంజను, ఛాసిస్ సంఖ్యలు రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోవాలి. అప్పుపై కొన్న బండి అయితే బాకీ తీరినట్లు రుణదాత ఇచ్చిన పత్రం ఉండాలి. తనది కాని వస్తువును అమ్మడాన్ని మన ధర్మశాస్త్రాలు 'అస్వామి విక్రయం' అన్నాయి. చాటుగా, వేళకాని వేళ, మరీ తక్కువ వెలకు కొన్నవాడిని యాజ్ఞవల్క్య స్మృతి దొంగగానే లెక్కించింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యను కేతన 13వ శతాబ్దంలో తెలుగు చేశాడు. అతిచౌక బేరాన్ని శంకించడం మనకు కొత్త కాదు.

పల్లెల్లో పత్రాలు అడిగితే కొందరు చిన్నబుచ్చుకుంటారు. "మన మధ్య కాగితాలెందుకు?" అంటారు. నిజానికి ఆ కాగితాల అవసరం అమ్మినవారికే ఎక్కువ. బండి వెళ్ళిపోయినా రికార్డులో పేరు మారనంత కాలం చట్టం దృష్టిలో ఆయనే యజమాని. పలు చేతులు మారిన ఒక వాహనం ప్రమాదం చేసినప్పుడు, నష్టపరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్న వ్యక్తిదేనని 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బండిని ముందే అమ్మేశానన్న వాదన ఆయనను కాపాడలేదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఒకే రాష్ట్రంలో జరిగిన అమ్మకాన్ని విక్రేత 14 రోజులలో, కొనుగోలుదారు 30 రోజులలో రవాణా అధికారులకు తెలియజేయాలి. ఇందుకు 29, 30 నంబర్ల ఫారాలు ఉన్నాయి. బీమాను కూడా 14 రోజులలో కొత్త యజమాని పేరుకు మార్పించుకోవాలి.

కాబట్టి పత్రం అడగడం అవమానించడం కాదు. రేపు ఏ ప్రమాదం జరిగినా అమ్మినవారి ఇంటికి తాఖీదు రాకుండా చూడడమే అది. చేతిలో చేయి వేసి ఇచ్చిన మాటకు అంతకు మించిన గౌరవం లేదు.