పాలు పట్టేటప్పుడు పక్కన కూర్చునే మనిషి

నెల తక్కువ బిడ్డ మా నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం ఎస్‌ఎన్‌సీయూలో ఉన్నన్నాళ్లూ కన్నతల్లిది చుట్టపుచూపే. రమ్మన్నప్పుడు వచ్చి, పొమ్మన్నప్పుడు పోతుంది. వేళకు పాలు పట్టేది నర్సు, ఊపిరి లెక్కపెట్టేది మానిటరు. ఒకరోజు ‘ఇక ఇంటికి తీసుకెళ్లండమ్మా’ అంటాం. తండ్రి మిఠాయి డబ్బా తెస్తాడు. తల్లి ముఖంలో మాత్రం నేను ఎక్కువగా చూసింది భయమే.

32 వారాలకు పుట్టిన ఒక పాప అలాగే ఇంటికెళ్లింది. వారం తర్వాత తూస్తే బరువు పెరగలేదు. ‘పాలు తాగుతోందా?’ అంటే ‘బాగానే తాగుతోంది సార్’ అంది తల్లి. అత్తగారూ తలూపింది. బయట ఓపీ కిటకిటలాడుతోంది. ఆ జవాబులో ఏముందో తవ్వే తీరిక అక్కడ ఉండదు. మా నర్సును ఇంటికి పంపాం.

ఆవిడ చేసిందల్లా పాలు పట్టడం మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా పక్కన కూర్చోవడం. పాప నాలుగు గుక్కలు తాగి కళ్లు మూసేస్తోంది. కడుపు నిండిందనుకుని తల్లి పడుకోబెట్టేస్తోంది. నిజానికి పాప అలిసిపోయింది. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒద్దికగా కుదిరేది సుమారు 34 వారాలకు. ఆ తర్వాతా ఇలాంటి పిల్లలకు ఓపిక తక్కువ, ఆకలేసినా గట్టిగా ఏడవరు. ఏడుపు కోసం చూడకుండా వేళ చూసి లేపాలి, మిగిలిన పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. నర్సు తల్లి చేతే అంతా చేయించింది. మందులేమీ మార్చలేదు, మళ్లీ తూచేసరికి బరువు పెరిగింది.

ఆ ఇంట్లో అసలు చిక్కు అత్తగారి మాట. ‘ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు’ అని. ఇది శుద్ధ తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. నర్సు వాదన పెట్టుకోలేదు. కోడలు నిద్రపోయే వేళ పాపను రవికె లోపల గుండెలకు ఆనించుకోమని పెద్దావిడకే అప్పగించింది. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన పద్ధతే ఇది. సాంబ్రాణి ధూపం బిడ్డకు ఊపిరాడనివ్వదని చెప్పగానే నిప్పుల గిన్నెను పెరట్లో పెట్టింది కూడా ఆ అత్తగారే.

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చూడాలన్న పథకం 2011 నుంచీ ఉంది. గడ్చిరోలిలో అభయ్, రాణీ బంగ్‌లు పల్లె ఆడవాళ్లకు నేర్పి చేసిన పనే దానికి దారి. అయితే ఆ ఆరుసార్లకూ కలిపి మొదట్లో పెట్టిన ప్రతిఫలం 250 రూపాయలు! ఆ డబ్బుకు బరువు తూచి, జ్వరం చూసి రావడమే గొప్ప. అందుకే చికిత్స చేసిన వార్డు నుంచే ఒక నర్సు, బిడ్డ ఇంటికి చేరిన మొదటి రెండు రోజుల్లో వెళ్లాలంటాను.

వెళ్లినప్పుడు కంటిపరీక్ష తేదీ కూడా అడగాలి. రెండు కిలోల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన పిల్లలకు నెల నిండేలోగా రెటీనా చూపించాలి. ‘దీపం వైపు చూస్తోంది కదా’ అని ఇంట్లోవాళ్లు ఆగిపోతారు. పైకి ఏమీ తెలియకుండానే రెటీనా చెడుతుంది, లేజర్‌తో ఆపగలిగే గడువు కొద్ది రోజులే.