తాళం ఎవరిది?

ఇక్కడ అమెరికాలో మొన్న నా పాత లాప్‌టాప్ వైఫై కార్డు పోయింది. వేరేది కొని బిగించా. ఆన్ చేస్తే, ఈ కార్డుకి అనుమతి లేదంటూ ఆగిపోయింది! కంపెనీవాళ్లనడిగితే ఎఫ్‌సీసీ రూల్ అన్నారు.

సరే, రూలే చదివా. 2000 నుంచే ఎఫ్‌సీసీ ట్రాన్స్‌మిటర్ మాడ్యూల్‌కి విడిగా ఆమోదం ఇస్తోంది. 2007లో దాన్ని నియమాల్లో చేర్చింది. ఆమోదం పొందిన మాడ్యూల్‌ని, షరతులు పాటిస్తే, వేరే పరికరాల్లోనూ వాడొచ్చు. యాంటెన్నా మాత్రం ఆమోదించిన రకానిదే ఉండాలి. లాప్‌టాప్‌లో అది సాధారణంగా తెర పక్కనే ఉంటుంది, కార్డులో కాదు. కాబట్టి కంపెనీ భయంలో కొంత న్యాయముంది, ఒప్పుకుంటా.

కానీ ఏ కార్డులు ఒప్పుకుంటుందో కొనేముందే చెప్పొచ్చుగా? చివరికి యూఎస్‌బీ వైఫై ముక్కొకటి తగిలించా. దాని యాంటెన్నా దాన్లోనే ఉంది, లాప్‌టాప్ కిక్కురుమనలేదు. మీకూ ఇలా జరిగిందా?