నది పేరు పెట్టుకున్న ఓడ

మిన్నెసోటా నది పొలాల మధ్య నుంచి బురదనీళ్లతో మెల్లగా వచ్చి, ఫోర్ట్ స్నెల్లింగ్ దగ్గర మిసిసిపీలో కలుస్తుంది. ఆ సంగమానికి కాస్త ఎగువన సావేజ్ అనే ఊరుంది. సముద్రం వెయ్యి మైళ్లకు పైగా దూరం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళం కోసం ఆ ఊళ్లో 18 పెట్రోలు ట్యాంకర్లు తయారయ్యాయి. కట్టింది ధాన్యం వ్యాపారం చేసే కార్గిల్ కంపెనీ. నదిలో లోతు చాలకపోతే పూడిక తీయించి 9 అడుగుల దారి చేశారు. ధాన్యం వ్యాపారుల రేవు నుంచి సముద్రపు ఓడలు బయల్దేరాయి.

వాటిలో ఒకటి నమకాగన్. 1944 నవంబరులో నీళ్లలోకి దిగింది. పొడవు 310 అడుగులు.

సంగమం దాటి, సెయింట్ పాల్ నగరం దాటి కిందికి వస్తే ప్రెస్కాట్ దగ్గర ఎడమగట్టు వైపు నుంచి సెయింట్ క్రోయ్ నది వచ్చి కలుస్తుంది. విస్కాన్సిన్ అడవుల్లోంచి వచ్చే నమకాగన్ అనే ఉపనది ఆ సెయింట్ క్రోయ్‌లోనే కలుస్తుంది. ఓడకు పెట్టింది ఆ నది పేరే. అంటే తన పేరుగల నది నీళ్లు కలిసే చోటు మీదుగానే ఈ ఓడ సముద్రానికి వెళ్లింది! ఎవరూ అనుకుని చేసింది కాదు. ఈ తరగతి ట్యాంకర్లన్నిటికీ నదుల పేర్లే పెట్టారు. అయినా ఈ ఓడ కథలో నా మనసు ఎక్కువసేపు నిలిచేది ఇక్కడే.

ఆ తర్వాత పెపిన్ సరస్సు, వరసగా లాకులు. సెయింట్ లూయిస్ ఎగువన మిస్సోరీ తన బురదంతా తెచ్చి కలుపుతుంది. కైరో దగ్గర ఒహైయో కలిశాక మిసిసిపీకి అవతలి గట్టు దూరమైపోతుంది. న్యూ ఆర్లియన్స్ దాటితే ఉప్పునీళ్లు.

నమకాగన్ విధుల్లో చేరింది 1945లో, యుద్ధం చివరికొచ్చాక. పెట్రోలు మోసే ఓడలో బతుకు నిప్పు పక్కన కాపురమే. సావేజ్‌లోనే పుట్టిన చెహాలిస్ అనే ట్యాంకర్ 1949లో అమెరికన్ సమోవాలోని పాగో పాగో రేవులో పేలి మునిగిపోయింది.

నమకాగన్‌కు అసలు పని దొరికింది 1962లో. అమెరికా దాన్ని న్యూజిలాండ్ నౌకాదళానికి అప్పగించింది. పేరు ఎండెవర్‌గా మారింది. అంతకుముందు ఆ పేరుతో ఉన్న ఓడే 1956-57లో ఎడ్మండ్ హిల్లరీ బృందాన్ని అంటార్కిటికాకు చేర్చింది. ఆ ప్రయాణం అందరికీ తెలుసు. రెండో ఎండెవర్ మోసింది ఇంధనం, సరుకులు. అందుకే దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ.

ఇది అన్యాయమని నా నమ్మకం. రాస్ దీవి మీది స్కాట్ బేస్‌లోనైనా, పక్కనున్న అమెరికా వాళ్ల మెక్‌మర్డోలోనైనా చమురు లేకపోతే పొయ్యి వెలగదు, తాగునీళ్లు చేసుకోవడం కుదరదు, విమానం లేవదు. ఆ చమురు మోసుకురావడం ఎంత భారమంటే, మెక్‌మర్డోలో 1962 నుంచి 1972 దాకా అమెరికా ఒక చిన్న అణువిద్యుత్ కేంద్రాన్నే నడిపి చూసింది. అయినా ట్యాంకర్లు ఆగలేదు. దక్షిణ సముద్రపు గాలివానల్ని దాటి, ఐస్‌బ్రేకర్లు పగలగొట్టిన మంచుదారిలో, ఎరెబస్ అగ్నిపర్వతం కనిపించే తీరానికి ఎండెవర్ వేసవుల్లో వెళ్లివచ్చింది. శాస్త్రవేత్తలు రాసిన ప్రతి పరిశోధన వెనకా ఇలాంటి ఓడల నావికుల చాకిరీ ఉంది. దాన్ని ధ్రువ చరిత్రలో భాగంగానే రాయాలి.

1971లో ఓడ తైవాన్ నౌకాదళానికి వెళ్లి లుంగ్ చువాన్ అయింది. న్యూజిలాండ్ మాత్రం ఎండెవర్ అనే పేరును వదులుకోలేదు. 1988 నుంచి 2017 దాకా పనిచేసిన మూడో ఎండెవర్ కూడా ట్యాంకరే. దాని స్థానంలో వచ్చిన ఆవొటెరోవాను మంచును తట్టుకునేలా కట్టారు. అది 2022లో మెక్‌మర్డోకు ఇంధనం చేర్చింది.