ఏ ఊరు చౌక?

ముందే చెప్పేస్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఒత్తులు, ళ, ల ఎక్కడైనా తారుమారైతే ఎడిటర్ అక్కనే అడగండి, దిద్దుతానని మాటిచ్చింది.

పోయిన నెల మా థర్డ్ ఇయర్ వాళ్ళకి ప్లేస్‌మెంట్ సెల్ నుంచి ఒక ఫారం వచ్చింది. వేసవిలో ఇంటర్న్‌షిప్, బాగా చేస్తే తర్వాత అక్కడే ఉద్యోగం. అందులో ఒక ప్రశ్న, ఏ ఊళ్ళో పని చేయడానికి ఇష్టపడతారు అని. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, పుణె, విశాఖపట్నం. ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు వేసి శుక్రవారం సాయంత్రం ఐదు లోపు పంపాలి. కంపెనీ పేరు రాయను, ఇంకా రిజల్ట్ రాలేదు.

నా రూమ్మేట్ రెండు నిమిషాల్లో నింపేసి పడుకుంది. "హుండీలో చీటీ వేసినట్టేనే ఇది, వాళ్ళకి మనుషులు ఎక్కడ కావాలంటే అక్కడ పడేస్తారు" అంది ఫైనల్ ఇయర్ అక్క ఒకామె. నిజమే అయ్యుండొచ్చు. కానీ నా పంతొమ్మిదేళ్ళలో "నువ్వు ఏ ఊళ్ళో ఉంటావు" అని నన్ను ఎవరూ అడగలేదు. స్కూల్ ఇంటి పక్కన ఉందని వేశారు. ఇంటర్‌కి హాస్టల్ ఉన్న కాలేజీ అని వేశారు. ఇంజనీరింగ్‌కి ర్యాంకు ఎటు తోస్తే అటొచ్చాను. అందుకని దీన్ని సీరియస్‌గా తీసుకున్నా. సీఎస్ఈ వాళ్ళం సీరియస్ అయ్యామంటే ఏముంది, ఎక్సెల్ షీట్ ఓపెన్ చేస్తాం.

మొదటి లైన్‌లోనే తప్పు చేశాను. ప్యాకేజీ ఆరు లక్షలన్నారు కదా అని పన్నెండుతో భాగిస్తే నెలకి 50,000 వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి అన్నయ్యకి పంపాను. బెంగళూరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, సగం నవ్వే. "ఒసేయ్ చిన్నీ, సీటీసీ అంటే కంపెనీకి నువ్వెంత ఖర్చో అది. నీ చేతికి ఎంతొస్తుందో కాదు." పీఎఫ్‌లో మన వాటాతో పాటు కంపెనీ వాటా కూడా అందులోనే లెక్కేస్తారట. గ్రాట్యుటీ అని బేసిక్‌లో 4.81 శాతం, ఐదేళ్ళ తర్వాత వచ్చే డబ్బు, అదీ అందులోనే. పైన వేరియబుల్ పే, ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు. నెలనెలా 200 ప్రొఫెషనల్ ట్యాక్స్. "42,000 అని వేసుకో. అంతకంటే ఎక్కువొస్తే పండగ చేసుకో" అన్నాడు. ఎనిమిది వేలు అలా సెల్‌లో నుంచి ఎగిరిపోయాయి.

తర్వాత నెట్‌లో సిటీల ఖర్చులు పోల్చే సైట్లు చూశాను. కాపుచినో ఎంత, జిమ్ ఎంత, ఇద్దరు రెస్టారెంట్‌లో తింటే ఎంత. నేను కాపుచినో తాగను. నాకు కావాల్సింది కర్రీ పాయింట్ రేటు. రూమ్‌లో రైస్ కుక్కర్ పెట్టుకుని కింద కర్రీ పాయింట్‌లో కూర, పప్పు, పెరుగు ప్యాకెట్ తెచ్చుకుని హైదరాబాద్‌లో ఏళ్ళకేళ్ళు బతికేసిన అన్నయ్యలు, అక్కలు మనందరికీ తెలుసు. ఆ లెక్క ఏ సైట్‌లోనూ లేదు. అందుకని తెలిసిన సీనియర్లందరికీ మెసేజ్ పెట్టి నేనే పోగేశాను.

అలా పోగేస్తుంటే కొన్ని వింతలు తెలిశాయి. బెంగళూరులో రూమ్ అద్దె కంటే అడ్వాన్స్ భయం. 2021లో సెంట్రల్ గవర్నమెంట్ తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని ఉంది, కానీ అది రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే. మా అన్నయ్య వాళ్ళు నలుగురు మారతహళ్ళిలో 32,000 అద్దె ఫ్లాట్‌కి ఐదు నెలల అద్దె, 1,60,000 కట్టారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని అందులో ఒక నెల అద్దె కోసేస్తారట. గోడలు మనం పాడుచేసినా చేయకపోయినా. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు వాటర్ ట్యాంకర్ ఖర్చు వేరే.

హైదరాబాద్‌లో మా పిన్ని వాళ్ళు కేపీహెచ్‌బీలో ఉంటారు. అక్కడి నుంచి హైటెక్ సిటీ రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్లు. మెట్రోలో అయితే అమీర్‌పేట దాకా వెళ్ళి, ట్రైన్ మారి, మళ్ళీ వెనక్కి రావాలి. మ్యాప్ చూసి నవ్వొచ్చింది, ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించినట్టు.

బస్సు సంగతి అమ్మాయిలకి ప్రత్యేకంగా చెప్పాలి. కర్ణాటకలో 2023 జూన్ నుంచి, తెలంగాణలో అదే డిసెంబర్ నుంచి, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ. నేను గొప్పగా మూడు ఊళ్ళకీ సున్నా వేసేశాను. పిన్ని కూతురు చూసి, "నీ ఆధార్ ఏ ఊరిదే?" అంది. తునిది. ఫ్రీ బస్సు ఆ రాష్ట్రం వాళ్ళకేనట. అంటే ఆ మూడింట్లో నాకు జీరో టికెట్ ఇచ్చేది ఒక్క వైజాగ్‌లోనే. మిగతా రెండు చోట్ల పక్క సీట్లో అమ్మాయి ఫ్రీగా, నేను డబ్బులిచ్చి, ఒకే ఆఫీసుకి వెళ్తాం.

చెన్నై, పుణె గురించి ఎక్కువ రాయను. అక్కడ నాకు తెలిసినవాళ్ళు లేరు, కాబట్టి నా షీట్‌లో అంకెలూ లేవు.

అన్నీ కూడితే వైజాగ్ గెలిచింది. దగ్గర్లో కూడా ఎవరూ లేరు. తుని నుంచి గంటన్నర రైలు, శనివారం ఇంటికెళ్ళి ఆదివారం రాత్రికి పచ్చడి, కారప్పొడి, అమ్మ ఉతికిన బట్టలతో తిరిగి రావచ్చు. సంక్రాంతి అనే లైన్ ఒకటి పెట్టాను, అందులో వైజాగ్‌కి దాదాపు సున్నా. మిగతా ఊళ్ళకి రైలు టికెట్ అరవై రోజుల ముందు బుకింగ్ తెరిచిన నిమిషాల్లోనే వెయిటింగ్ లిస్ట్. ప్రైవేట్ బస్సు రేటు పండగ ముందు చూస్తే పండగే వద్దనిపిస్తుంది.

గెలిచిన ఊరిని చూసి నాకు సంతోషం కలగలేదు. మన బ్యాచ్ వాళ్ళందరూ హైదరాబాద్ పెడుతున్నారు. ఒప్పుకుంటున్నా, నేను వెయిట్స్ మార్చాను. "స్నేహితులు" అని కొత్త కాలమ్ పెట్టి దానికి 30 శాతం ఇచ్చాను. చాలలేదు. "కెరీర్" కి 40. అప్పుడు హైదరాబాద్ ఫస్ట్ వచ్చింది. కావాల్సిన ఆన్సర్ వచ్చేదాకా మోడల్‌ని మార్చడాన్ని ఏమంటారో మన ల్యాబ్ మేడమ్ చెప్పింది, మీకూ తెలుసు.

ఇంట్లో ఫోన్ చేస్తే అమ్మ ఒక్కటే అడిగింది. "వైజాగ్ ఉందా అందులో? ఉంటే ఇంకేం ఆలోచనే?" నాన్న మోటార్ వైండింగ్ షాపులో ఉన్నాడు, వెనక ఏదో మోటార్ తిరుగుతున్న శబ్దం. "నీ ఇష్టం అమ్మా" అన్నాడు. నాన్న అన్నిటికీ అదే అంటాడు.

ఇక అసలు సంగతి. నా షీట్‌లో బెంగళూరు అంకెలు పల్చగా ఉన్నాయని అన్నయ్యని అడిగితే, తను నెలనెలా రాసుకునే గూగుల్ షీట్ షేర్ చేశాడు. ఏడాదికో ట్యాబ్. ఖర్చులు ఏటా ఎంత పెరిగాయో చూద్దామని పాత ట్యాబ్‌లు తెరిచాను. 2023లో మార్చి, ఏప్రిల్, మే, మూడు నెలలకి జీతం సెల్ ఖాళీగా ఉంది. రాయడం మర్చిపోయాడనుకున్నా. మిస్సింగ్ వాల్యూస్ వస్తే సగటుతో నింపమని ఎంఎల్ ల్యాబ్‌లో నేర్పారు కదా, కాపీ చేసుకుని నింపబోయాను కూడా.

కింద లైన్లు చూస్తే చేయి ఆగిపోయింది. మార్చి తర్వాత తిండి ఖర్చు 2,100, ఆ తర్వాత 1,900. అద్దె రెండు నెలలు సున్నా. ఆగస్టు నుంచి నవంబర్ దాకా అద్దె 8,000 బదులు 12,000, అంటే ఫ్లాట్‌లో మిగతా ముగ్గురూ తన వాటా కట్టేస్తే తర్వాత తీర్చాడు. ఏప్రిల్‌లో వచ్చిన డబ్బు దగ్గర "బండి 48,000" అని ఉంది. ఆ బండి అమ్మేశానని అప్పట్లో ఇంట్లో చెప్పినప్పుడు, ఈ ట్రాఫిక్‌లో దానికంటే నడక నయం అన్నాడు, మేమందరం నవ్వాం.

ఒక్క లైన్ మాత్రం ఆ మూడు నెలలూ మారలేదు. "ఇల్లు 18,000." దాని కింద రెండు భాగాలు. "లోన్ 10,000." "చిన్ని 8,000."

నేనప్పుడు ఇంటర్ సెకండియర్ అయిపోయి ఈఏపీసెట్ రాస్తున్నా. ఇంజనీరింగ్‌లో చేరేలోపు లాప్‌టాప్ కావాలి, మామూలుది వద్దు, ఎస్ఎస్‌డీ ఉండాలి అని తనకి రోజూ లింకులు పంపుతున్నది కూడా ఆ మే నెలలోనే. జూలైలో కొనిపెట్టాడు, ఈఎంఐలో. ఇది దాని మీదే టైప్ చేస్తున్నా.

ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. "ఆ ట్యాబ్ హైడ్ చేశాననుకున్నానే" అన్నాడు. తర్వాత మామూలుగానే చెప్పాడు, వాతావరణం గురించి చెప్పినట్టు. టీమ్ మొత్తాన్ని ఒక బుధవారం పొద్దున మీటింగ్‌లో తీసేశారు. ఆ ఏడాది చాలా చోట్ల అలాగే జరిగింది. మూడు నెలల్లో పదకొండు ఇంటర్వ్యూలు, అందులో ఆరింటికి నడిచే వెళ్ళాడు. జూన్‌లో ఉద్యోగం వచ్చింది పాత ఆఫీసు పక్క బిల్డింగ్‌లోనే, రూమ్మేట్ రిఫర్ చేస్తే.

"అదే వైజాగ్‌లో ఉండుంటే?" అని అడిగా.

"ఇంటికొచ్చేసేవాణ్ణి. ఖర్చు సున్నా. అమ్మ వండిపెట్టేది. కానీ నడిచి వెళ్ళడానికి ఆరు ఇంటర్వ్యూలు ఎక్కడివి?"

వైజాగ్ మారుతోంది కదా అన్నాను. 2023లో ఇన్ఫోసిస్ సెంటర్ తెరిచింది, 2025 అక్టోబర్‌లో గూగుల్ డేటా సెంటర్ అన్నారు. "మారనీ, సంతోషమే. కానీ డేటా సెంటర్‌లో మెషీన్లు ఎక్కువ ఉంటాయి, మనుషులు తక్కువ" అన్నాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు. ఇది పత్రికకి రాస్తానంటే మాత్రం, "మీ మ్యాగజైన్ ఎవరు చదువుతారే, రాసుకో" అన్నాడు. చదివేవాళ్ళు ఉన్నారని ఈసారి కామెంట్లలో చూపించండి ప్లీజ్.

ఆ రాత్రి షీట్‌లో "స్నేహితులు" కాలమ్ తీసేశాను. కొత్త లైన్ పెట్టాను, జీతం ఆగిపోతే ఎన్ని నెలలు నిలబడగలను అని. అద్దె, తిండి ఆగవు, లోన్ ఇద్దరం పంచుకుంటే ఇంటికి పంపేది కూడా ఆగదు. వైజాగ్‌లో ఎన్ని నెలలైనా, కానీ కూర్చోవడానికి, వెతకడానికి కాదు. బెంగళూరులో అన్నయ్య ఉన్నాడు, అయితే ఇద్దరం ఒకే కొమ్మ మీద కూర్చున్నట్టు, విరిగితే ఇద్దరికీ ఒకసారే. హైదరాబాద్‌లో పిన్ని ఎన్నాళ్ళైనా ఉండమంటుంది, రెండో నెల నుంచి నాకే మొహమాటం. అయినా మూడు నెలలు గడుస్తాయి, ఇంటర్వ్యూలకి బస్సులో వెళ్ళొచ్చు, టికెట్ కొనుక్కునైనా సరే.

హైదరాబాద్ ఒకటి, బెంగళూరు రెండు, వైజాగ్ మూడు. శుక్రవారం 4:40కి పంపాను. చివరికి మొదట కోరుకున్నదే పైకొచ్చింది, ఈసారి కూడా లెక్కని నావైపు లాగానేమో చెప్పలేను. అమ్మ రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. కారణం చెబుదామంటే అన్నయ్యకి ఇచ్చిన మాట అడ్డొచ్చింది.

అన్నయ్య షీట్ ఇంకా నాకు షేర్ అయ్యే ఉంది, ఎడిట్ యాక్సెస్‌తో. మే నుంచి నాకు స్టైపెండ్ వస్తుంది కదా అని, ఈ ఏడాది ట్యాబ్‌లో మే దగ్గర "చిన్ని 8,000" ని సున్నా చేశాను. పొద్దున చూస్తే మళ్ళీ 8,000. మళ్ళీ సున్నా చేశాను. మధ్యాహ్నానికి 6,000. నేను 2,000 పెట్టాను.

ప్రస్తుతానికి ఆ సెల్‌లో 4,000 ఉంది.