ఎల్లిస్ దీవిలో అడిగిన ప్రశ్న

ఈ వేసవి సెలవుల్లో మా తమ్ముడి దగ్గరికి అమెరికా వెళ్ళాను. న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే వూళ్ళో వుంటున్నాడు. అక్కడ గోంగూర దొరుకుతుంది, గుత్తివంకాయ దొరుకుతుంది, వీధిలో తెలుగుమాట చెవినపడుతూనే వుంటుంది. దేశం దాటి వచ్చానన్న నమ్మకం కుదరడానికి నాకు వారం రోజులు పట్టింది.

ఒకనాటి రాత్రి మంచినీళ్ళకని లేచి వస్తే వంటింట్లో ఇంకా దీపం వెలుగుతోంది. తమ్ముడు కంప్యూటరు ముందు గడ్డంకింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమిట్రా, ఇంకా పడుకోలేదూ?" అన్నాను.

"గ్రీన్‌కార్డు దరఖాస్తు, అన్నయ్యా. ఐ-485 అంటారు. ఇన్నేళ్ళకి మా వంతు వచ్చింది."

పేరూ ఊరూ అన్నీ నింపాడు. ఉద్యోగాల దగ్గర ఆగిపోయాడు. గడచిన అయిదేళ్ళలో ఎక్కడెక్కడ ఏయే పని చేశావో, ఏ తేదీనుంచి ఏ తేదీవరకో, ఇప్పటి కొలువుతో మొదలుపెట్టి వెనక్కి చెప్పుకుపోవాలి. పని లేకుండా గడిపిన రోజులుంటే అవీ చెప్పాలి.

"ఉన్నాయా?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "నలభైయేడు రోజులు. రెండేళ్ళ కిందట. ఒకనాడు పొద్దున్నే పిలిచి, రేపటినుంచి రావద్దన్నారు. నా వీసాకి అరవై రోజులే గడువు. ఆలోగా ఇంకోచోట కుదురుకోకపోతే పెట్టే బేడా సర్దుకోవడమే. అమ్మకి చెప్పలేదు. నీకూ చెప్పలేదు."

ఆ రోజుల్లో కూడా ఆదివారం ఆదివారం ఫోను చేసి, ఇంటికి సున్నం వేయించారా, పాలేరుకి డబ్బిచ్చారా అని అడుగుతూనే వున్నాడు. నేనేమో కాలేజీలో జీతాలు ఆలస్యమవుతున్నాయని వాడికి మొరపెట్టుకుంటూ వుండేవాణ్ణి!

వాడి స్నేహితుడొకడు సలహా చెప్పాడట. పాత ఉద్యోగం చివరి తేదీని కాస్త ముందుకు జరిపితే రెండు కొలువులూ అతుక్కుపోతాయి, ఎవరు చూడొచ్చారు, అని. తమ్ముడి వేలు ఆ తేదీ దగ్గరే తచ్చాడుతోంది.

నేను ధర్మపన్నాలు చెప్పలేదు. చెప్పే మొహమూ లేదు. నా వీసా దరఖాస్తులో అయిదేళ్ళకీ మూడు కాలేజీలు వ్రాయవలసి వచ్చింది. పై అధికారి పేరేమిటని అడిగారు. ఒక కాలేజీలో ఏడాదికి ముగ్గురు ప్రిన్సిపాళ్ళు మారారు. విధులు క్లుప్తంగా వ్రాయమన్నారు. వసుచరిత్రలో శ్లేష విప్పి చెప్పడాన్ని క్లుప్తంగా, అందులోనూ ఇంగ్లీషులో, ఎలా వ్రాయాలో తోచక "టీచింగ్" అని వూరుకున్నాను. ఇక మా ప్రైవేటు కాలేజీల్లో వేసవి రెండు నెలలకీ జీతముండదు. ఆ రెండు నెలలూ నేను ఉద్యోగస్తుణ్ణా, కాదా? దరఖాస్తులో మాత్రం ఉద్యోగస్తుణ్ణే.

"రేపు శనివారం కదా, పిల్లని తీసుకుని ఎక్కడికైనా పోదాం" అని వాణ్ణి లేవగొట్టాను.

మర్నాడు జెర్సీ సిటీలో లిబర్టీ స్టేట్ పార్కు నుంచి పడవెక్కాం. స్వేచ్ఛాప్రతిమను చూడాలన్నది మా ప్రయాణం ఉద్దేశం. కాని ఆ రేవునుంచి వెళ్ళే పడవ ముందు ఎల్లిస్ దీవిలో ఆగుతుంది. దిగాం. ఎర్ర ఇటుకల పెద్ద భవనం, నాలుగు బురుజులు. 1892 నుంచి 1954 వరకు సుమారు కోటీ ఇరవై లక్షలమంది ఈ దీవిమీదుగా అమెరికాలో కాలుపెట్టారు. 1990 నుంచి ప్రదర్శనశాలగా వుంది. మొదటి రెండు తరగతుల ప్రయాణికుల్ని ఓడమీదే చూసి పంపేసేవారట. ఇక్కడికి తెచ్చింది అడుగుతరగతి జనాన్నే. డబ్బున్నవాడికి ఎక్కడైనా దారి తిన్నగానే వుంటుంది కాబోలు.

కింద సామాన్ల గది. అక్కడినుంచి మెట్లెక్కి పైకి వెళ్ళాలి. ఎక్కేవాళ్ళలో ఎవడు ఆయాసపడుతున్నాడో, ఎవడు కుంటుతున్నాడో డాక్టర్లు చూస్తూ వుండేవారు. అనుమానం వస్తే కోటుమీద సుద్దముక్కతో అక్షరం గీసేవారు. గుండెకొక అక్షరం, కంటికొకటి. పైన పెద్ద హాలు, ఎత్తయిన కమాను కప్పు, బల్లలు. 1907 ఏప్రిల్ 17న ఒక్కరోజే 11,747 మంది ఈ హాల్లోంచి నడిచారంటే ఆ రొద వూహించుకోండి. ఆ చివర ఎత్తయిన బల్లవెనుక అధికారి. ఆయన ముందు ఓడవాళ్ళు వ్రాసి తెచ్చిన పట్టీ. పేరు, వయస్సు, చేతిలో డబ్బెంత, ఎవరింటికి, ఏం పని చేస్తావు.

అసలు చిక్కంతా అక్కడే వుంది. తన పొట్ట తాను పోసుకోలేనివాణ్ణి రానివ్వకూడదని 1882 చట్టం. ముందుగా పనికి ఒప్పందం చేసుకున్న కూలీని రానివ్వకూడదని 1885 చట్టం. ఇక్కడివాళ్ళ కూలి పడిపోతుందని భయం. ఇక ఆ పేదవాడు ఏం చెప్పాలి? పని సిద్ధంగా వుందంటే తప్పు, పని చేతకాదంటే తప్పు. పని ఇంకా కుదరలేదు గాని రెక్కలున్నాయి, కుదురుతుంది అనాలి. ముందొచ్చిన బంధువులు ఉత్తరాల్లో ఈ పాఠం వల్లెవేయించేవారు.

"ఇప్పుడు తిరగబడింది, అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "ఉద్యోగమిస్తానని కంపెనీవాడు కాగితం వ్రాస్తేనే మా దరఖాస్తుకి దిక్కు."

మనవాళ్ళకు ఈ బల్లదాకా వచ్చే యోగం కూడా ఎక్కువకాలం లేదు. 1917లో ఆసియావాసులకు తలుపు మూశారు. 1946లో భారతీయులకు ఏడాదికి వందమంది లెక్కన సందిచ్చారు. 1965 చట్టం వచ్చాకే తలుపు తెరుచుకుంది. మా తమ్ముడివంటివాళ్ళు వచ్చిన దారి అది.

గోడమీద ఒక పాత పట్టీ పెద్దదిచేసి పెట్టారు. పాప వేలు పెట్టి వృత్తి గడి చదువుతోంది. "పెదనాన్నా, లేబరర్, లేబరర్, లేబరర్... అందరూ అదే!" గొలుసుకట్టు వ్రాత. ఊళ్ళో దున్నినవాడో, మేకలు కాచినవాడో, ఓడ గుమాస్తా కలంలో అందరూ కూలీలే అయ్యారు. తమ్ముడు ఆ పట్టీముందు చాలాసేపు నిలబడ్డాడు. పాప చెయ్యి లాగినా కదలలేదు.

ఆ పూట స్వేచ్ఛాప్రతిమను చూశాం, ఫోటోలు తీసుకున్నాం. దాన్నిగురించి అందరూ వ్రాశారు లెండి.

రాత్రి మా మరదలు చారు కాచింది. భోజనాలయ్యాక తమ్ముడు మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండు కొలువుల మధ్య ఒక కొత్త వరుస పెట్టి, తేదీలు ఉన్నవి ఉన్నట్టు వ్రాసి, పనిలేదు అని చేర్చాడు. నాకు చూపించాడు. చదివి తల వూపాను.

అప్పటికి మన దేశంలో తెల్లవారింది. అమ్మకు ఫోను చేశాడు. పూలమొక్కలకు నీళ్ళుపోస్తోందట. అటూ ఇటూ మాట్లాడి, చివరికి ఆ నలభైయేడు రోజుల సంగతీ చెప్పేశాడు. అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఆ రోజుల్లో వేళకి తిన్నావుట్రా?" అంది అమ్మ.